మన యింటి చూరు నీళ్లు

పఠనభాగములు: 2 రాజులు 3:9–20; ద్వితీయోపదేశకాండము 11:10–14; యోహాను 4:7–15



ఈ మాసము మన పాఠమునకు రాజుల రెండవ గ్రంథము మూడవ అధ్యాయమును తీసికొనుచున్నాము. ఈ అధ్యాయముమీద ప్రసంగము వినినవారు మనలో బహు కొద్దిమంది. ఇశ్రాయేలు రాజు, యూదా రాజు, ఎదోము రాజు, ఈ ముగ్గురును కూడి మోయాబు రాజైన మేషా మీదికి యుద్ధమునకు బయలుదేరిరి. ఎదోము అరణ్యమార్గమున ఏడు దినములు చుట్టు తిరిగి నడచునప్పటికి సైన్యమునకును వెంటనున్న పశువులకును త్రాగుటకు నీళ్లు లేకపోయెను. కత్తి దూయక మునుపే దప్పిచేత ఓడిపోవు స్థితి వచ్చెను. అప్పుడు వారు ఎలీషా ప్రవక్తయొద్దకు పోయిరి.

ప్రవక్త వారికి నీళ్లు చూపలేదు. ఎండిన ఆ లోయనిండ గోతులు త్రవ్వుడని చెప్పెను. గాలియు కనబడదు, వానయు కనబడదు, అయినను లోయ నీళ్లతో నిండుననెను. ఉదయమున నైవేద్యము అర్పించు వేళకు ఎదోము మార్గమున నీళ్లు వచ్చి దేశము నిండెను. ఆ రాత్రి మబ్బు తునక లేని ఆకాశము క్రింద గడ్డపార పట్టిన సైనికులు ఎంత సణిగియుందురో గ్రంథములో వ్రాయబడలేదు. నడచి నడచి అలసినవారు, నోరు ఎండినవారు, ఇసుకలో గోతులు త్రవ్వుచున్నారు. అయితే వారు త్రవ్వియుండనియెడల ఏమగును? నీళ్లు వచ్చియుండును, వచ్చిన దారినే పోయియుండును. దేవుడు నీళ్లు పంపెను, గోతులు మాత్రము మనుష్యులచేత త్రవ్వించెను.

ఈ మాట మనకు ఎందుకనగా, మృగశిర కార్తె ప్రవేశించుటకు ఇంక ఎన్నో వారములు లేవు. మన ఆసిఫాబాదు ప్రాంతము వాన లేని దేశము కాదు. తెలంగాణములో ఎక్కువ వానలు పడు సీమలలో మనది యొకటి. సంవత్సరమునకు వెయ్యి మిల్లీమీటర్లకు పైగా పడుచున్నది. జూలై మాసములో వాగులు దాటలేక మన పిల్లలు బడికి పోలేరు, రోగులు ఆసుపత్రికి పోలేరు. 2022 జూలైలో మన పాత ఆదిలాబాదు జిల్లాలోని కడెం ప్రాజెక్టువద్ద వరద గేట్లమీదుగా పొర్లి పారినది. ఆ భయము చాలమందికి ఇంకను జ్ఞాపకమున్నది. అటువంటి సీమలోనే ఏప్రిలు మాసమునకు కెరమెరి, తిర్యాణి కొండలలోని గూడెములలో స్త్రీలు వాగు ఇసుకలో చెలిమె తోడి, చిప్పతోనో గిన్నెతోనో ఎత్తి, బిందె నింపుకొనుటకు కూర్చుండవలసివచ్చును. ఇది వాన కొరత కాదు. కురిసిన వాన మన యింటి చూరునుండి జారి, వాకిట పారి, పెద్దవాగులో కలిసి, ప్రాణహితకు పోయి, కాళేశ్వరమువద్ద గోదావరిలో పడుచున్నది. మనము దానిని ఒక్క పూటయైనను ఆపుట లేదు.

ఐగుప్తు దేశమునకును కనాను దేశమునకును గల భేదమును మోషే ద్వితీయోపదేశకాండము పదునొకండవ అధ్యాయములో వివరించెను. ఐగుప్తులో నదియున్నది గనుక మనుష్యుడు తన శ్రమతో తోటకు నీరు కట్టుకొనును. కనాను కొండలును లోయలును గల దేశము. అది ఆకాశమునుండి పడు వర్షమును త్రాగును. మన దేశము ఏ పోలికగా నున్నదో కెరమెరి ఘాటు ఎక్కి చూచినవారికి చెప్పనక్కరలేదు. తొలకరి వర్షము, కడవరి వర్షము అను మాటలు ఇతరులకు వట్టి మాటలుగా నుండవచ్చును. పత్తి గింజ నాటి మబ్బు చూచువారికి అవి ప్రాణము.

ఇప్పుడు మేషా రాజునొద్దకు మరల వత్తము. ఈ రాజు ఏలిన దీబోను పట్టణపు పాడుదిబ్బలయొద్ద 1868వ సంవత్సరమున క్లెయిన్ అను మిషనెరీ ఒక పెద్ద నల్లరాతిని చూచెను. దానిమీద మేషా తన కార్యములను చెక్కించియుండెను. తరువాత ఆ రాయి పగులగొట్టబడినది గాని, ముక్కలు చాలవరకు చేర్చి అతికించి పారిసు నగరములోని లూవ్రు మ్యూజియములో నిలిపియున్నారు. అది మన కెరమెరి ఘాటులో కనబడు నల్లరాయి జాతిదే. అందులో మేషా తన యుద్ధములను, తాను కట్టిన గోడలను, గుమ్మములను లెక్కించుచు మధ్యలో ఒక చిన్న సంగతి చెప్పుచున్నాడు. పట్టణములో నీటి తొట్టి లేకపోగా, ప్రజలలో ప్రతివాడును తన తన యింట ఒక తొట్టి చేసికొనవలెనని ఆజ్ఞాపించెనట. రాజు ఆ భారమును ఇంటింటికి పంచెను. అతడు అన్యదేవతను కొలిచినవాడు, ఇశ్రాయేలీయులకు శత్రువు. అయినను ఈ యొక్క విషయమున అతనియొద్ద నేర్చుకొనుటకు మనకు సిగ్గు అక్కరలేదు. చీమలయొద్ద నేర్చుకొనుమని సామెతల గ్రంథమే చెప్పుచున్నది గదా.

ఇశ్రాయేలీయులును అట్లే చేసిరి. యెరూషలేమునకు గీహోను అను ఒక్క ఊటయే ఆధారము. తక్కిన నీరంతయు రాతిలో తొలిచి సున్నము పూసిన తొట్లలో నిలుపుకొనిన వాన నీరే. ఉజ్జియా రాజు అనేకమైన తొట్లు త్రవ్వించెనని 2 దినవృత్తాంతములు 26:10లో చూడవచ్చును. దావీదు పారిపోయిన దినములలో యోనాతానును అహిమయస్సును బహూరీములో ఒక యింటి ఆవరణలోని బావిలో దాగిరి. ఆ యింటి ఇల్లాలు దానిమీద కప్పు వేసి, కప్పుమీద గోధుమలు పరచెను (2 సమూయేలు 17:18–19). వేగులవారి సంగతి సరే, ఒక మాట గమనించుడి. ఒక సామాన్యుని యింటి ఆవరణలో నీరు నిలుపు చోటు ఉన్నది, దానికి మూత ఉన్నది. మన యిండ్లలో ఎన్నిటికి ఉన్నది?

సమరయ స్త్రీని గూర్చి ఒక మాట చెప్పవలెను. ప్రభువు ఆమెతో జీవజలమును గూర్చి మాటలాడినప్పుడు, తాను దప్పిగొనకుండునట్లు, ఇంత దూరము చేదుకొనుటకు రాకుండునట్లు ఆ నీళ్లు ఇమ్మని ఆమె అడిగెను (యోహాను 4:15). ఆమెకు ఆత్మీయ సంగతి తెలియలేదని వ్యాఖ్యానకర్తలు ఆమెను తేలికగా చూతురు. ఆ వ్యాఖ్యానములు వ్రాసినవారిలో మిట్టమధ్యాహ్నము తలమీద కుండతో నడచినవారు ఎందరుందురో నాకు సందేహమే. మన సంఘపు స్త్రీలకు ఆమె మాట వెంటనే అర్థమగును. ఆమె కాళ్లు నొచ్చుచున్నవి. ప్రభువు ఆమె కోరికను చూచి నవ్వలేదు, ఆమెను గద్దింపలేదు. ఆ మాటనుండియే ఆమెను ఇంకను పైకి నడిపించెను. వేసవిలో తల్లి నీళ్లకు పోగా చిన్న పిల్లను చూచుటకు పెద్ద పిల్ల బడి మానుచున్నది. ఆదివారపు ఆరాధనకు ఆలస్యముగా వచ్చు స్త్రీలను పెద్దలు కొందరు మందలింతురు. బోరింగుయొద్ద వరుసలో ఆమెకు ముందు ఎన్ని బిందెలున్నవో అడిగి మందలించుట మేలు.

ఇక లెక్కకు వత్తము. లెక్క చిన్నదే, ఏడవ తరగతి పిల్లవాడు చేయగలడు. ఒక చదరపు మీటరు కప్పుమీద ఒక మిల్లీమీటరు వాన పడినయెడల ఒక లీటరు నీరగును. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు గల చిన్న యిల్లు అనుకొనుడి. దాని కప్పు 300 చదరపు అడుగులు, అనగా ఇంచుమించు 28 చదరపు మీటర్లు. సంవత్సరమునకు 1,000 మిల్లీమీటర్ల వాన పడినను ఆ కప్పుమీద 28,000 లీటర్లు పడును. పెంకు పీల్చునది, గాలికి చెదరునది, పొంగి పోవునది అని అయిదింట ఒక వంతు తీసివేయుదము. ఇంకను 22,000 లీటర్లు నిలుచును. 15 లీటర్ల బిందెతో కొలిచిన 1,400 బిందెలకు పైమాట. ఇంత నీరు మన తలమీదనే పడుచున్నది, ఎవరును మోసి తేనక్కరలేదు.

అంతయు నిలుపుకొనుట పేదవానికి సాధ్యము కాదు, అవసరమును లేదు. త్రాగుటకును వండుటకును మనిషికి దినమునకు 5 లీటర్ల చొప్పున, అయిదుగురున్న యింటికి 25 లీటర్లు చాలును. ఫిబ్రవరి నడిమినుండి జూన్ నడిమివరకు 120 దినములకు 3,000 లీటర్లగును. లోపలి అడ్డుకొలత 5 అడుగులు, ఎత్తు 6 అడుగులు గల గుండ్రని ఇటుక తొట్టిలో 3,300 లీటర్లు పట్టును. అంతే. స్నానమునకు, బట్టలకు, పశువులకు బోరింగు నీళ్లు, నల్లా నీళ్లు ఉండనే యున్నవి. అయిదు సెంటీమీటర్ల వాన ఒక్కటి కురిసిన, పైన చెప్పిన యింటి కప్పునుండి 1,100 లీటర్లు దిగును. అట్టి వానలు మూడు పడిన తొట్టి నిండును. జూలై, ఆగస్టు మాసములలో అట్టి వానలు మనకు కొత్త కావు.

తొట్టి కట్టించువారు కొన్ని సంగతులు మేస్త్రీతో ముందుగా మాటలాడవలెను. 3,000 లీటర్లనగా మూడు టన్నుల బరువు. కాబట్టి తొట్టిని స్లాబుమీద పెట్టకుడి. నేలమీద గట్టి పునాది వేసి, అడుగున బిందె పెట్టుటకు వీలగు ఎత్తున కట్టుడి. కొళాయిని తొట్టి అడుగుకు బెత్తెడు పైన అమర్చవలెను. అడుగున పేరుకొనిన మడ్డి అక్కడనే నిలుచును. పైన మూత, పొంగి పోవుటకు ఒక గొట్టము, ఆ గొట్టము నోటికి సన్నని జాలి. ఈ జాలి లేనియెడల తొట్టి దోమల పుట్టిల్లగును. మలేరియాయు డెంగీయు ఎరుగని గూడెము మన సీమలో లేదు గనుక ఈ మాట మరల చెప్పుచున్నాను: జాలి లేని తొట్టి కట్టుటకంటె కట్టకపోవుట మేలు. వెలుతురు లోపలికి పోకుండ మూసిన నీటిలో నాచు పట్టదు. ఇటుక తొట్టి కట్టుటకు శక్తి లేనివారు వెయ్యి లీటర్ల నల్ల ప్లాస్టిక్ ట్యాంకు ఒకటి కొని మొదలుపెట్టవచ్చును. రెండవది పై సంవత్సరము కొనవచ్చును.

చూరుకు దోనె కావలెను. రేకును సగము గొట్టమువలె వంచి, లేదా పీవీసీ పైపును నిలువున రెండుగా కోసి, చూరు పొడవునను ఇనుప కొక్కెములతో కట్టి, తొట్టి వైపునకు కొంచెము వాలుగా పెట్టవలెను. గూనపెంకుటిండ్లు, బెంగుళూరు పెంకుటిండ్లు, ఇనుప రేకుల యిండ్లు, స్లాబు యిండ్లు అన్నియు ఇందుకు తగినవే. పాతబడి పొడి రాలు సిమెంటు రేకుల నీటిని త్రాగుటకు వాడకుండుట మంచిది. ఆ నీటిని ఇంకుడు గుంతకు పంపుడి. గడ్డి కప్పు నీరు త్రాగుటకు పనికిరాదు. ఆ యిండ్లవారి సంగతి కడపట చెప్పెదను, వారిని మరచి ఈ పాఠము ముగియదు.

మొదటి వానను ఎన్నడును తొట్టిలోనికి విడువకుడి. నాలుగు మాసముల దుమ్ము, పక్షుల రెట్ట, ఎండుటాకులు ఆ వానతో దిగును. తరువాతి వానలలో కూడ ప్రతిసారి మొదట దిగు నాలుగు బిందెల నీటిని ప్రక్కకు వదలవలెను. దీనికి యంత్రము అక్కరలేదు. దోనెనుండి దిగు గొట్టమునకు తొట్టికంటె ముందు ఒక కొమ్మ గొట్టమును నిలువుగా దించి, అడుగున బిరడా పెట్టిన చాలును. మురికి నీరు మొదట దానిలో నిండును. అది నిండిన తరువాత మంచి నీరు తొట్టికి పోవును. వాన వెలిసిన తరువాత బిరడా తీసి మురికిని వదలవలెను. తొట్టి నోటియొద్ద ఒక డ్రమ్ములో అడుగున కంకర, దానిపైన బొగ్గు, ఆపైన కడిగిన ఇసుక పోసి నీటిని వడకట్టవలెను. ఇసుకను ఏటేట కడుగవలెను. వడకట్టినంత మాత్రమున రోగక్రిములు చావవు. అందుచేత త్రాగు నీటిని కాచి చల్లార్చుడి, లేదా బ్లీచింగు పౌడరు ఎంత వేయవలెనో ఆశా కార్యకర్తను అడిగి ఆమె చూపినట్లు వేయుడి. వానకాలములో వాంతులు విరేచనములతో మన గూడెములలో ఎందరు పిల్లలు పోయిరో పాదిరులకు తెలియును, ఆ సమాధులు త్రవ్వించువారము మేమే గనుక.

కొత్త సిమెంటు తొట్టిలో మొదటి నింపు నీరు సున్నపు రుచి కలిగియుండును, దానిని చెట్లకు పోయుడి. వాన నీరు బావి నీటివలె రుచిగా నుండదు, చప్పగా నుండునని కొందరందురు. నిజమే. అయితే దానిలో పప్పు త్వరగా ఉడుకును, సబ్బు బాగుగా నురుగును. నేలలోని ఫ్లోరైడు దానిలో నుండదు. నల్లగొండ వైపున తరతరములుగా నేల నీరు త్రాగి ఎముకలు వంగిన సహోదరులను చూచినవారు చప్పదనమును గూర్చి ఫిర్యాదు చేయరు.

ఇంకొక సంగతి. వానకాలమంతయు ఆ నీటిని వాడుచు మరల నింపుచు ఉండవచ్చును. ఉత్తర, హస్త కార్తెలలో పడు కడవరి వానలతో నింపిన నీటిని మాత్రము మూత వేసి వేసవివరకు ముట్టకుండ నుంచవలెను. ఇంటిలో ఈ మాట అందరును ఒప్పుకొననియెడల సంక్రాంతినాటికే తొట్టి అడుగు కనబడును.

తొట్టి నిండి పొంగు నీరు, వాకిట పడు నీరు నేలలోనికి ఇంకవలెను. దీనికే ఇంకుడు గుంత. 2000వ సంవత్సరమున వచ్చిన నీరు-మీరు కార్యక్రమము నాటినుండి ఈ మాట పల్లెలలో అందరికి తెలియును. గుంతలు చాల త్రవ్వబడెను, పూడిపోయినవియు చాల యున్నవి. నేల చూడక త్రవ్వుటయే దీనికి ఒక కారణము. నల్లరేగడి నేలలో పై గుంతలో నీరు ఇంకదు. ఆ మన్ను తడిసి ఉబ్బును, ఎండి పగులును, గోడ ప్రక్కన గుంతయున్నచో పునాదికి చేటు. రేగడి పొర దాటి మొరము తగులువరకు త్రవ్వగలిగినచో మంచిది. లేనియెడల అట్టి నేలలో తొట్టికే డబ్బు పెట్టుడి. పెద్దవాగు వైపు ఇసుకరాతి నేలలలో నీరు బాగుగ ఇంకును. ఎక్కడనైనను గుంత గోడకు పది అడుగుల దూరమున నుండవలెను, మరుగుదొడ్డి గుంతకు చాల దూరమున నుండవలెను. స్నానపు నీరు, అంట్ల నీరు వేరొక గుంతకు పోవలెను గాని బోరుబావికిగాని చేదబావికిగాని చేరకూడదు.

చేదబావులంటే ఇస్సాకు జ్ఞాపకమునకు వచ్చుచున్నాడు. అతని తండ్రి త్రవ్వించిన బావులను ఫిలిష్తీయులు మన్ను పోసి పూడ్చిరి, ఇస్సాకు వాటిని తిరిగి త్రవ్వించి, తండ్రి పెట్టిన పేర్లే పెట్టెను (ఆదికాండము 26:18). మన చేదబావులను ఏ ఫిలిష్తీయులును పూడ్చలేదు. బోరింగులు వచ్చిన తరువాత మనమే చెత్త పోసి పూడ్చితిమి. ఇంకను పూడని బావి ఊరిలో నున్నయెడల, దానిలోని చెత్త తీసి, ఇసుక వడపోత గుండ కప్పు నీటిని దానిలోనికి పంపుట కొత్త గుంత త్రవ్వుటకంటె మేలైన పని.

ఇంతవరకు చదివిన సహోదరులలో ఇద్దరు ఊరకుండరు. మిషన్ భగీరథ నల్లా ఇంటికి వచ్చినది గదా, ఈ శ్రమ ఎందుకని ఒకరు అడుగుదురు. 2016లో మొదలైన ఆ పని మేలైన పనియే, దాని నిమిత్తము దేవుని స్తుతింపవలసినదే. అయితే గొట్టము పగిలిన దినమున, కరెంటు లేని దినమున, కొండమీది గూడెమునకు నీరు ఎక్కని దినమున ఇంటిలో ఏమున్నది? ఐజ్వాలు పట్టణము మిజోరము రాష్ట్రములో కొండశిఖరముమీద నున్నది. అచ్చటి మన క్రైస్తవ సహోదరులు రేకు కప్పు నీటిని యింటింట తొట్లలో పట్టుకొనుచున్నారు. సముద్రము మధ్యనున్న బెర్ముడా ద్వీపములో నదులు లేవు. అక్కడ ఇల్లు కట్టువాడు కప్పు నీటిని పట్టి నిలుపవలెనని చట్టమే యున్నది. ఇంటి కప్పులు సున్నముతో తెల్లగా నుండును. తమిళనాడులో 2003లో అన్ని భవనములకు వాన నీటి ఏర్పాటు తప్పనిసరి చేసిరి. మన రాష్ట్రములోను 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము 200 చదరపు మీటర్లకు తక్కువ కాని స్థలములలో ఇట్టి ఏర్పాట్లను కోరుచున్నది. కాగితముమీద నున్న చట్టము చూరుకు దోనె కట్టదు, 2019లో చెన్నపట్టణములో జలాశయములు ఎండి జనులు పడిన పాట్లు మనము వినియేయున్నాము.

రెండవ సహోదరుడు భక్తితో అడుగును. దేవుడే ఇచ్చును గదా, నీళ్లు కూడబెట్టుట అవిశ్వాసము కాదా, యిర్మీయా 2:13లో తొట్లు తొలిపించుకొనినవారిని దేవుడు గద్దింపలేదా అని. మంచి ప్రశ్న. యిర్మీయా గద్దించినది జీవజలముల ఊటయైన దేవుని విడిచి, నీళ్లు నిలువని బద్దలైన తొట్లవంటి దేవతలను నమ్మినవారిని. ప్రజలందరికి ఇంటింట తొట్టి యుండెను గనుకనే ఆ ఉపమానము వారికి తగిలెను. పగిలిన తొట్టి ఎంత మోసగించునో వారు వేసవిలో చూచినవారు. యెషయా 22:11 ఇంకను సూటిగా నున్నది. యెరూషలేమువారు రెండు గోడల నడుమ చెరువు కట్టిరి. దానిని చేసినవానివైపు వారు చూడలేదని ప్రవక్త దుఃఖించెను గాని, చెరువు కట్టినందుకు వారిని నిందింపలేదు. తొట్టి నిండిన దినమున మనమును ఆ తప్పులో పడవచ్చును. కాబట్టి కొత్త యింటిలో ప్రార్థన పెట్టుకొనునట్లే, తొట్టి మొదట నిండిన దినమున ఇంటివారందరు దానియొద్ద కూడి స్తోత్రము చెల్లించిన బాగుండును.

ఇల్లు ఎట్లు కట్టవలెనో దేవుని ధర్మశాస్త్రము పట్టించుకొనినది. కొత్త యిల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెను, ఎవడైనను పడి చచ్చినయెడల ఆ రక్తదోషము ఇంటిమీదికి వచ్చును (ద్వితీయోపదేశకాండము 22:8). గొయ్యి త్రవ్వి మూయనివాడు, అందులో ఇతరుని ఎద్దు గాని గాడిద గాని పడిచచ్చినయెడల వెల చెల్లించుకొనవలెను (నిర్గమకాండము 21:33–34). ఎద్దుకే ఇంత లెక్క చూచిన దేవుడు పిల్లవానికి చూడడా? గుంతకు గాని తొట్టికి గాని మూత వేయక ఒక్క రాత్రియైనను విడువకుడి. పని నడుచు దినములలో కూడ ముళ్లకంప చుట్టు పెట్టుడి.

గడ్డి కప్పువారి సంగతి చెప్పెదనంటిని. స్లాబు యిల్లు గలవానికి కప్పు పెద్దది, నీరు ఎక్కువ, తొట్టి కట్టుటకు డబ్బును ఉన్నది. గడ్డి గుడిసెలోని విధవరాలికి ఈ మూడును లేవు. మనము ఇక్కడ ఆగినయెడల, ఉన్నవాని యింట వేసవిలో మంచి నీరుండును, లేనివాని కూతురు చెలిమెయొద్దనే యుండును. ఇశ్రాయేలీయులకు దేవుడు పొలపు అంచులు పూర్తిగా కోయకూడదని, పరిగె ఏరుకొనకూడదని, వాటిని బీదలకును పరదేశులకును విడువుమని చెప్పెను (లేవీయకాండము 19:9–10). పొలమునకు అంచు ఉన్నట్లే కప్పుకును చూరు ఉన్నది. పెద్ద కప్పు గలవారు ఒక దోనె చివరను ప్రక్కింటి తొట్టివైపునకు త్రిప్పుట కష్టమైన పని కాదు. ప్రక్కింటివారు మన సంఘమువారు కాకపోయినను, గోండులైనను కోలాములైనను, వాన ఎవరి సంఘము చూచి కురియుచున్నది?

మందిరపు కప్పు మాట ఇంకొకటి. మన పల్లెలలోని మందిరములలో చాలవాటి కప్పు ఊరిలోని యిండ్లన్నిటికంటె పెద్దది. 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు గల మందిరముమీద అయిదు సెంటీమీటర్ల వాన ఒక్కటి కురిసిన, అయిదింట ఒక వంతు పోగా 6,600 లీటర్లు దిగును. అంత నీటిని ఇన్నేండ్లు గోడ అడుగున పారనిచ్చి, తడిసిన పునాదికి మరమ్మతు చందా ఎత్తుచున్నాము. మందిరము ప్రక్కన ఒక పెద్ద తొట్టి కట్టి, దాని కొళాయిని ఆవరణ బయటివైపు, వీధిలోనివారు ఎవరైనను బిందె పెట్టుకొనునట్లు అమర్చినయెడల, గుడిసెలవారికి మార్చి మాసమునుండి త్రాగు నీరుండును. బీగము ఎవరియొద్ద నుండవలెను, దినమునకు ఇంటికి ఎన్ని బిందెలు, ఇసుక ఎవరు కడుగవలెను అను సంగతులు స్త్రీల సమాజమువారే నిర్ణయింపవలెనని నా మనవి. నీళ్లు మోయువారికి ఆ లెక్క పురుషులకంటె బాగుగా తెలియును.

మా సంఘములో కప్పు కొలతను వచ్చు ఆదివారము ఆరాధన తరువాత తీయుదుము. నిచ్చెన గలవారు, కొలత టేపు గలవారు తెచ్చిన మేలు. తక్కిన గ్రామములవారు తమ మందిరపు పొడవు వెడల్పులను, కప్పు పెంకో రేకో స్లాబో, నేల రేగడియో ఇసుకయో ఒక కాగితముమీద వ్రాసి పంపినయెడల, ఎంత తొట్టి చాలునో లెక్క కట్టి తిరుగు టపాలో పంపెదను. మృగశిరకు ముందు దోనెలు కట్టవలెను గనుక ఆలస్యము చేయకుడి.